సీమకప్ప దారి

ఈసారి కూడా గంగాధరం లెక్క తప్పలేదు. మునిరత్నమ్మ గుంటలోకి సీమకప్ప వచ్చేసింది.

ఏ మనిషికైనా తన మాట నిజమైతే సంతోషం. గంగాధరానికి మాత్రం ప్రాణం ఉసూరుమంది. తిరుపతిలో జంతుశాస్త్రం పరిశోధన చేస్తున్నాడతను. ఎనభై రెండులో ఎవరో కప్పకాళ్ళ వ్యాపారి విదేశాల నుంచి తెప్పించి పెంచిన కప్పలు, వానకు గట్టు తెగి బయటపడ్డాయి. అరచేతికి మించిన కప్పలు. చేపపిల్లల్ని, నాటుకప్పల్ని, దొరికినదాన్నల్లా మింగుతాయి. అవి ఏ వాగు, ఏ వంక వెంట ఏ గుంటకు ఎప్పుడు చేరతాయో ముందుగా చెప్పడమే అతని పని. చెప్పి చేతులు దులుపుకునే రకం కాదు. వారం వారం బస్సెక్కి చిత్తూరు పల్లెలన్నీ తిరిగేవాడు. ఒక గుంటలో మోకాటిలోతు దిగి వలతో దేవి, ఆ తడి వల భుజాన వేసుకుని, అది ఆరకముందే మరో గుంటలో దిగేవాడు. అంత శ్రద్ధ!

మునిరత్నమ్మకు ఆ గుంటే బతుకు. మొగుడు పోయాక దాన్ని గుత్తకు తీసుకుని చేపపిల్లల్ని వదిలింది.

"మా గుంటకూ వస్తాదా సార్?" అని ఎండాకాలంలోనే అడిగింది.

"రెండో వానకు వస్తుందమ్మా. వచ్చిన రోజే పట్టేస్తే నీ చేపలు దక్కుతాయి. అందుకే వారం వారం వస్తాను."

అన్నట్టే ఒక్క వారమూ మానలేదు. వచ్చినప్పుడల్లా ఆమె చెంబుడు మజ్జిగ ఇచ్చేది.

ఇప్పుడామె గట్టు మీద కూలబడి ఉంది. చేపపిల్లలు తిరిగిన నీళ్ళ నిండా నల్లగా తోకకప్పలు.

"నోటికాడి కూడు పోయినాది సార్. మిమ్మల్ని అనేదేముండాది, మీరు ముందే చెప్తిరి."

ఆ మాటకు గంగాధరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే ఆమెను కాపాడాలనుకున్నాడు. ఏంచేయాలో తోచక పటం పరిచాడు. కప్ప వస్తుందని తను ఎర్రచుక్కలు పెట్టిన పద్నాలుగు గుంటల్లో పదమూడింటికి కప్ప చేరింది. మిగిలింది ఈ ఊరి మంచినీళ్ళ గుంట ఒక్కటే. అది ఇదే వంక మీద, అరమైలు ఎగువన ఉంది.

"మంచినీళ్ళ గుంటలో ఎన్ని కనబడ్డాయి?"

"ఆడ ఒకటి గూడా లేదు సార్. రోజూ బిందె ముంచేదాన్ని, నాకు తెలీదా."

"అట్లా కుదరదమ్మా. వంక నీళ్ళు ముందు దాన్లో నిండి, పొర్లితేనే గదా నీ గుంటకు వచ్చేది. ఇక్కడుందంటే అక్కడ ఉండి తీరాలి."

"లేదంటే లేదు సార్. పోయి సూడండి కావాలంటే."

"మరి నీ గుంటలోకి ఎట్లా వచ్చినట్టు?"

మునిరత్నమ్మ గట్టు మీంచి లేచింది. ఆమె మనసులో అతని మీద కోపమేమీ లేదు.

"ఏమో సార్, నాకేం తెలుసు" అంది. "తాగే నీళ్ళని ఊరోళ్ళు మీ వల దించనీలేదు, ఆ ఒక్క గుంటలోనే."