ఉమ్మి రాసిన చక్రాలు

పొద్దున్నే బావ షాపు షట్టరు ఎత్తేసరికి, ఒకడు రాత్రి బయటే వదిలేసిన బైకు దగ్గర గొంతుక్కూర్చుని, వేలు నోట్లో పెట్టి తీసి, చక్రానికి ఉమ్మి రాస్తున్నాడు.

బావ అప్పుడే తాగిన టీ గొంతుదాకా వచ్చి, ఆ మనిషిని చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"ఏయ్, ఏం చేస్తున్నావురా అక్కడ?"

అతను లేచి చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. దాంతో చెయ్యి ఇంకా మురికైంది.

ఆ రోజు నుంచి అదే వరస. ముందు అతని గోనెసంచి కంపు వచ్చేది, ఓ ఐదు నిమిషాలాగి అతను వచ్చేవాడు. షాపు పక్కన పాత టైర్ల గుట్టలో తరతరాలుగా కాపురమున్న ఎలుకలు, అతను అక్కడ పడుకోవడం మొదలెట్టాక మర్యాదగా ఇల్లు ఖాళీ చేశాయి.

బావమరిది అతనికి కంపు కలెక్టర్ అని పేరు పెట్టాడు.

ఆ టైర్ల షాపు బావాబావమరుదులిద్దరిదీ. ఏ విషయంలోనూ ఒకరి మాట ఒకరికి పడదు.

రేడియల్ టైరు లోపల దారాలు అడ్డంగా, సూటిగా ఉంటాయి, తొందరగా వేడెక్కదు, అదే మెల్లగా అరుగుతుందని బావ. బయాస్ ప్లైలో దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఎంత బరువైనా మోస్తుంది, అదే మన్నుతుందని బావమరిది.

ఇద్దరి మధ్యా ఉన్న అక్క, ఇంట్లో టైరు అన్న మాట వినబడితే కంచాలు లాగేసుకునేది.

ఎదురుగా అద్దాల షాపు వెలిశాక గిరాకీ పోయింది. మిగిలిన ఆశ ఒక్కటే, ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే కంపెనీ వాళ్ల అరవై బైకులు. ఆ ఆర్డరు రాకపోతే షట్టరు దించేయడమే. ఏ టైరు ఎంతకాలం ఆగుతుందో చూపిస్తే అప్పుడు మాట్లాడదామన్నాడు ఆ కంపెనీ మేనేజరు.

అందుకని, కంపు కలెక్టర్ రావడానికి కాస్త ముందే, పరీక్ష పెట్టారు. బావ బైకుకి రేడియల్, బావమరిది బైకుకి బయాస్ ప్లై. ఒకటే దారి, ఒకటే వేగం, వెనక ఒకటే బరువున్న ఇసుక మూట. ఆదివారం ఆదివారం గాడి లోతు కొలిచి గోడ మీద రాసేవాళ్లు.

టైర్లు కొత్తవే. గాలి పోకుండా ఆపే వాల్వులు మాత్రం చెత్తడబ్బాలోంచి ఏరినవి. సొంత బళ్లకి కొత్త వాల్వులెందుకు దండగ అని, ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమయ్యారు.

ఇక గాలి సంగతంటారా? టైర్ల షాపువాళ్లు సొంత బండికి గాలి చూసుకున్నట్టు చరిత్రలో ఎక్కడా లేదు.

ఐదు నెలలకి కూడా రెండు టైర్లూ కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. రేడియల్ వెంట్రుకవాసి ముందుంది. ఆ వెంట్రుకని పట్టుకుని బావ వారం రోజులు ఊరేగాడు.

ఫోన్ చేస్తే, బళ్లు అలాగే తిప్పుతుండండి, ఆరు వారాల్లో వచ్చి కళ్లారా చూస్తానన్నాడు మేనేజరు. ఇక కొలవడమెందుకని గేజు సొరుగులో పడేశారు.

"ఆయనొచ్చేలోపు ఈ కంపుని వదిలించుకోవాలి బావా," అన్నాడు బావమరిది.

మర్నాడు పొద్దున కంపు కలెక్టర్ టైరు గాడిలో ఇరుక్కున్న పేడని గోటితో గీకాడు. అదే చేత్తో బన్ను తీసి కొరికాడు.

బావమరిది పంచరు ట్యూబులు ముంచే నల్లనీళ్ల బక్కెట్టు ఎత్తాడు.

"అయ్యా, ఒక్కమాట. ఈ చక్రం..."

"ముందు స్నానం కానీ. మాట తరవాత."

నీళ్లన్నీ నెత్తిన పడ్డాయి. అతను కళ్లు తుడుచుకుని, చేతిలో తడిసిపోయిన బన్ను వంక కాసేపు చూసి, వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సంచి టైర్ల గుట్ట వెనకే ఉండిపోయింది. దాన్ని ముట్టుకునే వీరుడు ఇద్దరిలోనూ లేడు.

ఆరు వారాలకి మేనేజరు వచ్చాడు. వంగి రేడియల్ చూశాడు. పక్కకి జరిగి బయాస్ ప్లై చూశాడు. రెండిటి అంచులూ గుండు గీసినట్టు నున్నగా ఉన్నాయి.

"వీటిలో ఏది బాగుందంటారు?" అని మర్యాదగానే అడిగి, రుమాలుతో చేతులు తుడుచుకుని, ఎదుటి అద్దాల షాపులోకి నడిచాడు.

బావమరిది కోపం ఎవరి మీద చూపించాలో తెలీక వెళ్లి ఆ సంచిని తన్నాడు. లోపల ఇనుము మోగింది.

బావ ముక్కు మూసుకుని కర్రతో మూతి విప్పాడు. కాలితో తొక్కే గాలిపంపు. గాలి కొలిచే మీటరు. ఏదో టైర్ల ఫ్యాక్టరీ పరీక్ష విభాగం ముద్ర ఉన్న నోటుబుక్కు.

అందులో ఐదు నెలల పాటు రోజుకో వరస. రేడియల్ తగ్గింది, నింపాను. బయాస్ తగ్గింది, నింపాను.

"గాలి కారుతుంటే ఉమ్మి బుడగ కడుతుందిరా," అన్నాడు బావ మెల్లగా. "మా నాన్న అలాగే చూసేవాడు. గాలి తగ్గితే ముందు అరిగేవి అంచులే."

బావమరిది ముక్కు మీంచి చెయ్యి తీసేసి పేజీలు తిప్పాడు.

చివరి పేజీలో, నల్లనీళ్లు పోసిన రోజు తేదీ వేసి, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "రెండు వాల్వులూ అయిపోయాయి. మార్చుకోమని ఇవాళ చెప్పాలి."