సువార్తమ్మ నీళ్ల గ్లాసు

ఆ కాలానికి ప్రతి జబ్బుకీ ఒంటిమీద ఒక యంత్రం వచ్చింది. అన్నిటికీ నోళ్లున్నాయి గానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. రిటైరైన ఆర్టీసీ కండక్టరు సువార్తమ్మ పొద్దున్నే నీళ్ల గ్లాసు అందుకుంది.

“సగమే తాగండి, పాదాలు వాచాయి,” అంది గుండె పట్టీ.

“నిండా తాగండి, కిడ్నీలు ఎండిపోతున్నాయి,” అంది నడుం పట్టీ.

“ముందు నడవండి,” అంది షుగరు ఉంగరం.

మొన్న ఒకదాని మాట విని ఆయాసపడింది, నిన్న ఇంకోదాని మాట విని కళ్లు తిరిగి పడింది. ఇవాళ గ్లాసు బల్లమీద పెట్టేసింది.

“టిక్కెట్లన్నీ తెగందే బస్సు కదలనిచ్చినదాన్ని కాదు నేను. ముగ్గురూ ఒక్క మాట మీదికి రండి. అందాకా చుక్క ముట్టను!”

చాలాసేపు గుసగుసలు వినిపించాయి. చివరికి మూడూ ఒక్కసారే అన్నాయి: “ముప్పావు గ్లాసు. తర్వాత వీధి చివరిదాకా, నెమ్మదిగా.”

సువార్తమ్మ కొలుచుకుని తాగి, చెప్పులు తొడుక్కుంది.

“రైట్ రైట్!”