ఎలీషాకు దొరికిన శ్రోత

ఎలీషా పరిశోధన ఏమిటో అర్థమైనవాళ్ళు ప్రపంచంలో ఏడుగురున్నారు. ఆ ఏడుగురిలో తానున్నాడో లేడో అతనికే అనుమానం.

ఎనిమిదేళ్ళు పట్టింది. వైవాకు ఇంకా పది రోజులున్నాయి. ఇదే ఆఖరి గడువు, ఈసారి తప్పితే డాక్టరేట్ లేదు.

ఒకసారి చెప్పి చూసుకుందామని గోదావరిఖని వచ్చాడు. వినేవాళ్ళు లేరు. తండ్రి అంద్రెయ షిఫ్టుకు గంట ముందే బయల్దేరుతున్నాడు. అన్న నోరు తెరవగానే చెల్లెలు రెజీనాకు ఫోన్ వస్తోంది. చివరికి దొరికింది సదయ్య కాక. నస్పూర్ నుంచి వచ్చి పక్కింట్లో కొత్తగా దిగాడు. ఒక చేత్తో కర్ర పట్టుకుని బొగ్గుబాయి పైకప్పును తట్టడం, రెండో అరచేయి ఆనించి దాని అదురు చూడటం, అనుమానమున్న చోట దుంగ నిలబెట్టడం. ముప్పయ్యేళ్ళు ఇదే పని చేసి రిటైరయ్యాడు.

రోజూ పొద్దున ఇద్దరూ సదయ్య చెక్కబల్ల మీద కూర్చునేవారు. ఎలీషా ప్రతిసారీ మొదటినుంచి అందుకునేవాడు. ఒక ఉపరితలం మీద షీఫులనేవి లెక్కలేనన్ని ఉంటాయి. నిలకడైనవాటిని ఏరి, ఒక్కోదానికి ఒక్కో చుక్క పెడితే, చుక్కలన్నీ కలిసి ఇంకో కొత్త ఆకారమవుతాయి. దాని పేరు మాడ్యులై స్పేస్. అందులో ఎక్కడా మడతలు లేవని తన సిద్ధాంతం.

సదయ్య బల్లకు అరచేయి ఆనించి, కళ్ళు సగం మూసి, తలూపేవాడు. ఎలీషా పొంగిపోయేవాడు. కాకను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడిగేవాడు కాదు. అడిగితే అవతలి మనిషి మాట్లాడతాడు, తన టైము పోతుంది. రెజీనా ఇద్దరినీ చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. కుళ్ళు అనుకున్నాడు.

ఐదో రోజు కూడా ఎప్పట్లాగే, ఇక్కడికి వచ్చేవన్నీ నిలకడైనవే అన్నది స్పష్టమే, అన్నాడు. సదయ్య కళ్ళు తెరిచాడు.

“ఈడ నిలువది కొడుకా.”

ఎలీషాకు ఒళ్ళు మండింది. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. అదే చోట అదే మాట. మూడోసారీ అంతే.

ఇంటికి పోయి చూసుకున్నాడు. స్పష్టమే అన్న చోట రుజువు లేదు. ఎనిమిదేళ్ళుగా లేదు. అక్కడికి రాగానే గొంతు పెంచి దాటేయడం తప్ప తాను చేసిందేమీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. మిగిలిన ఐదు రోజులూ తిండి మాని ఆ రుజువు కట్టాడు.

వైవాలో సరిగ్గా అదే అడిగారు.

డాక్టరేట్ వచ్చింది. ‘నా మాట విన్న ఒకే ఒక్కడు, సదయ్య కాకకు’ అని థీసిస్ మొదటి పేజీలో అచ్చు వేయించి, మిఠాయి డబ్బాతో షేర్ ఆటో దిగాడు. సదయ్య స్నానానికి పోయాడు. గుమ్మంలో అతని భార్య పూలమ్మ ఉంది. ఇన్నాళ్ళకు ఎలీషా ఒక ప్రశ్న అడిగాడు.

“గింత కష్టమైన లెక్కల తప్పు కాక ఎట్ల పట్టిండు చిన్నమ్మా?”

“బాయిల మందు పేలి ఆయనకు రెండు చెవులు పోయి పన్నెండేండ్లాయె బిడ్డా, గాని ఒక్కకాడికి రాంగనే నీ మోకాలు వణికి బల్ల అదురుతున్నదని రోజు నాతోని చెప్తుండె.”