భార్యకు ఇష్టమైన రంగు

హైమవతి గోంగూర ఒలుస్తుంటే వంటింటి గోడలోని స్పీకరు మోగింది. బ్యాంకువాళ్ల కాపలా యంత్రం గొంతు. ఎవరు ఏం కొంటారో, ఏం కొనరో దానికి కంఠతా వచ్చు. తేడా కనిపించిందంటే కార్డు ఆపేసి, షాపు తలుపులు కూడా మూసేస్తుంది.

"అమ్మా, మీవారి కార్డుతో ఎవరో పట్టుచీర కొంటున్నారు. భార్యకట. పెళ్లయినప్పటి నుంచీ ఆయన ఇలాంటిది కొన్న దాఖలా లేదు. దొంగేమోనని అనుమానం."

"అనుమానమెందుకు? దొంగే," అంది హైమవతి.

వెంటనే గోడలోంచి భర్త మృత్యుంజయరావు గోలపెట్టాడు. "హైమా, నేనేనే! పెళ్లిరోజు మర్చిపోయానని వారం నుంచీ మాట్లాడ్డం లేదు కదా, అందుకే ఈ చీర! ఇక్కడ తలుపులు మూసేశారే!"

ఆవిడ ఇంకో గోంగూర కాడ అందుకుంది.

"గొంతు దొంగిలించడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు," అంది కాపలా గొంతు. "భర్తయితే చెప్పగలిగే ప్రశ్న అడుగుతాను. మీ భార్యకు ఇష్టమైన రంగేది?"

హైమవతి ఒలవడం ఆపి చెవులు రిక్కించింది.

"గులాబీ," అన్నాడాయన చివరికి.

గులాబీ రంగు చూస్తేనే ఆవిడకు ఒళ్లుమంట. ఆ సంగతి పనిమనిషికి కూడా తెలుసు.

"తప్పు. పోలీసులకు అప్పగించమంటారా?"

"వద్దు, వదిలెయ్యి," అంది హైమవతి, పుచ్చు ఆకొకటి తీసి చెత్తలో పడేస్తూ. "ఈ రోజుల్లో దొంగలు ఇంటావిడ ఇష్టాయిష్టాలన్నీ చదువుకుని మరీ వస్తారు. ఆ మాత్రం కూడా తెలియనివాడు మా ఆయనే."