పక్కింటి ప్రాక్టీసు

గోడకు అవతల ఫట్‌మని దెబ్బ పడింది. గౌరమ్మ చేతిలోని చేట జారి బియ్యమంతా నేలపాలైంది. వెంటనే ఆడగొంతు, "అయ్యో, సచ్చిపోతినే తల్లీ" అని ఏడుపు. మళ్లీ ఫట్.

"పక్కింట్లో కమలమ్మక్కను మొగుడు సంపేస్తాండాడు. పోయి అడగరాదా," అంది మొగుడితో.

మునిరాజు నవ్వాడు. "సుమ్నే ఊరుకోవే. పాపయ్య నాటకం కంపెనీలో హాస్యగాడు. ప్రాక్టీసు చేస్తాండాడు. ఆ ఆడగొంతు గూడా వానిదే. ఈ వఠారంలో అన్ని ఇండ్లవాళ్లూ ఎరిగిందే గదా."

గౌరమ్మ కాడుగోడి పల్లె నుంచి పట్నంలోని బళేపేటకు కాపురానికి వచ్చి నెల తిరగలేదు. అందరికీ తెలిసింది తనకే తెలియదు కాబోలు అనుకుంది.

మరునాడు కొళాయి దగ్గర కమలమ్మ ఎడమ చేత్తో బిందె ఎత్తుకుంటోంది. "అక్కా, నిన్న..." అని నసిగింది గౌరమ్మ.

కమలమ్మ చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసింది. "నాటకమమ్మా," అంది. అందరూ నవ్వారు.

గౌరమ్మ దడ మాత్రం తగ్గలేదు. గోడవతల అలికిడైతే చాలు, చెవులు మూసుకుని మూల కూర్చునేది. "పోలీసులకు చెప్తా," అని మొండికేసేసరికి మునిరాజు ఆదివారం నాటకానికి తీసుకుపోయాడు. యుద్ధం రోజులు, రాత్రిళ్లు దీపాలు ఆర్పేయాలని ఆటలన్నీ పగలే వేస్తున్నారు.

"పెళ్లాన్ని బాదరా," అని నాటకంలో తల్లి కొడుకు వేషంలోని పాపయ్యకు హుకుం చేసింది. అతను పెళ్లాం వేషగాణ్ణి గదిలోకి లాగి తలుపేశాడు. గది లోపల జరిగేది జనానికి కనబడుతూనే ఉంది. పెళ్లాం పీట మీద కూర్చుని చక్కిలాలు నములుతోంది. బయటున్న తల్లికి వినబడాలని పాపయ్య వెదురుబద్దతో దిండును ఫట్‌ఫట్‌మని బాదుతూ, తనే ఆడగొంతుతో, "అయ్యో, సచ్చిపోతినే తల్లీ" అని ఏడుస్తున్నాడు. మధ్యలో ఒకటి ఆమె వీపున కూడా వేశాడు. ఆమె తాపీగా ఇంకో చక్కిలం అందుకుంది. "వన్స్ మోర్" అని జనం గోల.

"బద్దను నిలువునా చీల్చినారు, చూడు. చీలికలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి, అంతే. ఒంటికి ఈగ వాలినంత గూడా ఉండదు," అన్నాడు మునిరాజు.

గౌరమ్మ కడుపుబ్బ నవ్వింది. ఇన్నాళ్లూ ఉత్తుత్తి దెబ్బలకు హడలి చచ్చినందుకు సిగ్గేసింది.

రెండు రోజులకు మళ్లీ గోడవతల ఫట్. ఏడుపు. గౌరమ్మ గోడ దగ్గరికి పోయి పగలబడి నవ్వి, "వన్స్ మోర్" అని కేకేసింది. అవతల ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్లీ ఫట్‌మంది.

పొద్దున కొళాయి దగ్గర కమలమ్మ ఒక్కతే ఉంది.

"అక్కా, ఆ చీలికబద్ద ఒక పూట ఇస్తావా? మా ఆయప్ప వీపున ఒకటేసి చూడాలని ఉండాది," అంది గౌరమ్మ నవ్వుతూ.

కమలమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"ఆ బద్దను కంపెనీవాళ్లు ఎప్పుడూ ఇంటికి తేనియ్యలేదమ్మా."