రెండో డాక్టరేట్

బుల్లయ్య కాలెత్తి నీళ్ల డ్రమ్మును తన్నాడు.

పంచాయతీ ఆఫీసు ముందంతా సబ్బు నీళ్లు పారాయి. పత్తికి మందు కొట్టి వచ్చిన కూలీలు ఒళ్లు కడుక్కోవడానికి పెట్టిన నీళ్లవి.

వాటిని పెట్టించిన నర్సు రెబెకా ఉన్నచోటి నుంచి కదల్లేదు. ఆమె ఊరికి వచ్చి నెల కాలేదు. మనుషుల్లో తిరగని బుల్లయ్య ఆమెను ఈ ఊళ్లో చూడటం ఇవాళే.

"నేనెవరో గుర్తుందా?"

"ఉందండి. వెంకటేశ్వరమ్మ గారి భర్త."

"మా ఆవిడ పేరు నీ నోట రాకూడదు!"

జనం మూగారు. బుల్లయ్య వాళ్లవైపు తిరిగాడు.

"తొంభై ఎనిమిదిలో మా ఆవిడ మందు కొడుతూ పడిపోతే పట్నం ఆసుపత్రికి మోసుకుపోయా. ఈవిడ పుస్తకం పట్టుకుని మంచం పక్కన నిలబడింది. ఏం మందు, ఎన్ని ట్యాంకులు, చేతులకి తొడుగులున్నాయా... అడగటం, రాసుకోవటం. మందులో తడిసిన చీర మా ఆవిడ ఒంటిమీదే ఉంది. సాయంత్రానికి పోయింది. ఆ రాతలకి ఈవిడకి డాక్టరేట్ ఇచ్చారు!"

"రెండున్నాయంటగా?" అన్నాడు గుంపులోంచి పీరు సాహెబ్.

"అవునండి. మొదటిది పరిశోధనకి. రెండోది రోగి దగ్గర చేసే పనికి. పరదేశం పోయి మళ్లీ చదివాను."

"చీర తీసేయాలని ఆ రోజు తెలియదా?" బుల్లయ్య అరిచాడు.

"తెలుసండి." ఆమె తల దించలేదు. "రాయడమే నా పని అనుకున్నాను. చెయ్యి వేయలేదు."

"విన్నారుగా! ఇంకో గంట ఊళ్లో కనపడిందంటే మర్యాద దక్కదు."

కూలీలు రెబెకా వైపు చూశారు.

రెబెకా సంచీ తీసుకుని ఆటో ఎక్కింది.

"ఒంటిమీద మందు పడితే ముందు బట్టలు తీసేయండి."

"చెప్పావులే, పో!"

పదకొండేళ్ల తర్వాత బుల్లయ్య ఆ పూట మారు వడ్డించుకున్నాడు.

కొడుకు బాలు చేను నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆవిణ్ణి వెళ్లగొట్టావంటగా నాన్నా?"

"మీ అమ్మ పగ తీర్చానురా."

"పోయిన వారం నేను చీరాల పెళ్లికి పోలేదు."

బుల్లయ్య చేతిలో ముద్ద ఆగింది.

"మందు కొడుతూ చేలో పడిపోయా. ఆవిడ పరిగెత్తుకొచ్చి నా బట్టలు కత్తిరించి పారేసింది. తల నుంచి కాళ్లదాకా సబ్బుతో కడిగింది. ఇంజెక్షన్ చేసి వినుకొండ ఆసుపత్రికి తీసుకుపోయింది. రెండు రోజులు నా మంచం వదల్లేదు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నాచేత, చూసినవాళ్లందరిచేత ఒట్టు వేయించుకుంది. మీ నాన్న కోపం న్యాయమైంది, నీ ప్రాణం చూపించి దాన్ని చల్లార్చొద్దు అంది."