చెరకు పిప్పి బూడిద

రాయిలా బిగుసుకుని ఉండాల్సిన మట్టి దిమ్మె శ్రీపతి వేలు తగలగానే తడిసిన కేకులా కుంగిపోయింది. ఆ వరసలో మిగతావీ అంతే.

కుళ్లిన ఆకులూ వేళ్లూ నిండిన పీట్ నేల మీద ఇల్లు కడితే దిగబడుతుంది. చక్కెర మిల్లులు పారేసే చెరకు పిప్పి బూడిదకి కాస్త సున్నం చేర్చి ఆ నేలను గట్టిపరచవచ్చని శ్రీపతి పరిశోధన. ముందు చేసిన దిమ్మెలు సుత్తికి కూడా లొంగలేదు. ఇవీ నిలిస్తేనే స్కాలర్‌షిప్ కొనసాగుతుందని ప్రొఫెసర్ చెప్పేశాడు. అది ఆగితే చదువు ఆగినట్టే.

జల్లెడ పట్టిన బూడిదను అతను ఈ పరాయి దేశంలో, గిరావీన్ అనే పేటలో అద్దెకున్న ఇంటి గరాజ్‌లో, ఖాళీ ఆవకాయ సీసాలో దాచుకున్నాడు. వెళ్లి సీసాలో మిగిలింది వేళ్ల మధ్య నలిపాడు. మసిలా మెత్తగా ఉంది. తనది ఇసుకలా గరగరలాడేది. కలిపిన రోజు గ్లవ్స్ వేసుకోవడంతో తేడా తెలియలేదు.

ఎవరో మార్చారు. గరాజ్ తాళం ఇంటివాళ్ల దగ్గర కూడా ఉంటుంది. ఓనర్ సుందర్ రాజు కొడుకు మార్క్‌ది అదే యూనివర్సిటీ, అదే ల్యాబ్. అదే స్కాలర్‌షిప్‌కి పోటీ. బూడిద ఎంత పాళ్లలో కలుపుతున్నావని ఆమధ్య గుచ్చి గుచ్చి అడిగాడు కూడా.

మార్క్ వాకిట్లో కారు కడుగుతున్నాడు.

"నా సీసా ముట్టినవా?"

"నో వే, మేట్. వై వుడ్ ఐ?"

"మరి దానికి కాళ్లొచ్చినయా?"

మార్క్ ముఖం ఎర్రబడింది. పైపు పడేసి లోపలికి వెళ్లిపోయాడు. శ్రీపతికి ఇంకే రుజువూ అక్కర్లేదనిపించింది. "ప్రొఫెసర్‌కే చెప్త!" అని అరిచి, ఫోన్ తీసి ఫిర్యాదు రాశాడు. అది వెళితే మార్క్‌ని యూని నుంచి పంపించేస్తారు.

"అది పంపకు బాబూ," అంటూ సుందర్ రాజు గుమ్మంలోకి వచ్చాడు. "మావాడికేం తెలీదు. చేసింది నేను."

శ్రీపతి వేలు ఆగింది.

"విభూది బుధవారం నాడు ఫాదర్ గారు మా నుదుళ్ల మీద బూడిదతో సిలువ గీస్తారు. దానికని నిరుడు మట్టల ఆదివారం చర్చిలో పంచిన మట్టలు కాల్చి, ఆ బూడిద గరాజ్‌లోనే పెట్టా. నాదీ ఆవకాయ సీసానే, రెండూ తారుమారయ్యాయి. నువ్వు మట్టిలో కలిపింది అదే."

"మరి నాది ఏడ వోయింది అంకుల్?"

సుందర్ రాజు తల దించుకున్నాడు.

"చర్చిలో అందరి నుదుటా పూయించాను బాబూ."